గడప మీద తడి

“ఈసారి ఊడిరానిది చూడు. రంగు నీ ఇష్టం, నేనేం అనను” అని ఫోను నా చేతికిచ్చి మా ఆయన టీ కప్పు అందుకున్నాడు. ఆదివారం పొద్దున. నా ఒళ్ళో బీన్స్ పళ్ళెం ఉంది. తడి చెయ్యి తుడుచుకుని ఫోను చూశాను. తెర నిండా పట్టీలే. ట్యాగు పెట్టుకునే పట్టీలు. తాళాలకు తగిలించేవి, సంచీకి కుట్టుకునేవి, మెడలో వేసుకునేవి, చేతికి కట్టుకునేవి. అతను వెనకనుంచి వంగి వేలితో బొమ్మలు పైకి నెడుతున్నాడు. “రబ్బరువి వద్దు, సాగిపోతాయి. అదిగో, అది చూడు. రెండు స్క్రూలు. విప్పాలంటే వాళ్ళిచ్చే పరికరం ఉండాల్సిందే. స్నానం చేసినా ఏం కాదట.”

“చేతికా?” అన్నాను.

“మరి? తాళాలకు పెడితే తాళాలు వదిలేసి పోతావు, సంచీకి పెడితే సంచీ వదిలేసి పోతావు. తాళాలు పోతే పోనీ, నువ్వు పోకూడదు కదా మతిమరుపు మహారాణీ!” అని నవ్వాడు. వంటింటి గుమ్మంలో కూర్చున్న అత్తయ్య కూడా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఆ పూటంతా ఎలా గడుస్తుందో నాకు తెలుసు. లేత నీలం బాగుందన్నాను. తర్వాత చూసుకుంటే ఈనెలూ కాయలూ కలిపేశాను, మళ్ళీ మొదటినుంచి ఏరుకోవాల్సి వచ్చింది.

మతిమరుపు అన్న పేరు నాకు నేనే తెచ్చిపెట్టుకున్నాను, అదీ నా ఖర్మ. పోయినేడాది ఒక సాయంత్రం బస్సు దొరక్క ఇంటికి ఆలస్యంగా వచ్చాను. తలుపు లోపల గడియ వేసి ఉంది. టీవీ వినిపిస్తోంది. తలుపు కొట్టాను. టీవీ గొంతు పెరిగింది. ఇంకోసారి కొట్టే ధైర్యం లేక కూరగాయల సంచీ పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. పై అంతస్తు ఆవిడ దిగుతూ, “అయ్యో, తాళం మర్చిపోయారా?” అంది. అవునండీ అన్నాను. మొగుడు తలుపు తియ్యలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? బాగా చీకటి పడ్డాక తలుపు తెరుచుకుంది. “టైమంటే లెక్క ఉండాలి” అన్నాడు, అంతే. చేతులు కడుక్కుని వంట మొదలుపెట్టాను. వారం తిరక్కుండా ఆ పై అంతస్తు ఆవిడే అతనితో, “మీ ఆవిడకు కాస్త మతిమరుపులా ఉందండీ” అందట. అతని పరువు కోసం ఆడిన అబద్ధం నా మెడకే చుట్టుకుంది. మర్నాడే ట్యాగు తెచ్చి నా తాళాలకు తగిలించాడు.

ట్యాగంటే చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దగా ఉండే తెల్ల బిళ్ళ. దారిన పోయేవాళ్ళ ఫోన్లు వాళ్ళకే తెలియకుండా దాన్ని పసిగట్టి, అదెక్కడుందో అతని ఫోనుకు చేరవేస్తాయి. మ్యాపులో ఒక చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క నేను. మా ఆయనది సరుకు వ్యాన్ల కంపెనీలో ఉద్యోగం, రోజంతా ఏ వ్యాను ఎక్కడ ఆగిందో చూడడమే పని. భోజనం దగ్గర నన్నూ అదే గొంతుతో అడుగుతాడు. “మందుల షాపు దగ్గర అంతసేపేం పని?” చెయ్యెత్తడు, అరవడు. అన్నం కలుపుకుంటూ నా జవాబు కోసం ఆగుతాడు. ఆ ఆగినంతసేపూ పొద్దున్నుంచి ఎక్కడెక్కడ ఆగానో లెక్క కట్టుకుంటాను. బస్సులో ఎవరి చేతిలో ఫోను చూసినా భయమే. పక్క సీటులో నవ్వుకుంటున్న కాలేజీ పిల్లా, కునికిపాట్లు పడుతున్న పెద్దాయనా, వీళ్ళంతా నా మీద చాడీలు చెప్పేవాళ్ళే. పాపం, వాళ్ళకేం తెలుసు.

తాళాలు వదిలేసి పోతావు అని అతనన్నది నిజమే. నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. మధ్యాహ్నం తిండి వేళ తాళాలు సొరుగులో పడేసి చెల్లి దగ్గరికి పరుగెత్తేదాన్ని. అది మొగుణ్ణి వదిలేసి వచ్చి, సైకిల్ రిపేరు షాపు పైన ఒక గదిలో ఉంటోంది. “అలాంటిదాని గాలి ఈ ఇంటికి సోకకూడదు. ఆ గడప తొక్కావో, మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు” అని మా ఆయన ఎప్పుడో తేల్చేశాడు. ఇద్దరం నిలబడే ఇంత తినేవాళ్ళం, నేను వచ్చేసేదాన్ని. ఒకరోజు అతను చెప్పకుండా షాపుకొచ్చాడు. సొరుగులో తాళాలున్నాయి, నేను లేను. తలనొప్పి మాత్రల కోసం వెళ్ళానన్నాను. నమ్మినట్టే తల ఊపాడు. ఆ తల ఊపుడే ఇప్పుడు చేతి పట్టీగా మారి నా ముందుకొచ్చింది.

సోమవారం సాయంత్రం పార్సెల్ వచ్చింది. అతనే కట్టాడు. నా చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి, ఎంతో శ్రద్ధగా రెండు స్క్రూలూ బిగించాడు. “బిగుతుగా ఉందా?” “కాస్త.” “ఉండాలి మరి, లేకపోతే కొన్నదెందుకు?” పరికరం తన పర్సులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి దుప్పటి తగిలినా, నా జుట్టు తగిలినా, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టే ఉలిక్కిపడ్డాను.

మర్నాడు షాపులో ఒకావిడ కళ్ళజోడు పెట్టి చూసుకుంటూ, “బాగుందమ్మా నీ వాచీ, ముళ్ళు లేవేంటి?” అంది. కొత్త రకమండీ అన్నాను. అప్పుడే షాపు ఫోను మోగింది. చెల్లి. నా ఫోను అతను రోజూ చూస్తాడని అది షాపుకే చేస్తుంది. “అక్కా, గడ్డ తీసెయ్యాలంటున్నారు. శుక్రవారం ఆపరేషన్. తోడు మనిషి లేకపోతే చేర్చుకోరట. నాకు నువ్వు తప్ప ఎవరున్నారే?” వస్తానన్నాను. ఇంకేం అంటాను? ఫోను పెట్టేశాక మోచెయ్యి తగిలి, బాగు చేస్తున్న కళ్ళజోడు స్క్రూ కింద పడింది. మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తడిమి దాన్ని వెతికి తీశాను. గోటి కొస మీద పెట్టుకుంటే ఆవగింజలో సగం ఉంది. దాని పక్కనే నా మణికట్టు మీద పట్టీ స్క్రూలు. దాని ముందు ఇవి గుమ్మడికాయలు.

నవ్వొచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసేది స్క్రూలు విప్పడం, బిగించడమే. ఇన్నేళ్ళ కాపురంలో “షాపులో ఏం చేస్తావు?” అని ఒక్కసారైనా అడిగి ఉంటే అతను ఆ పట్టీ కొనేవాడు కాదు. కానీ నవ్వు వచ్చినంత తొందరగానే భయమూ వచ్చింది. విప్పగలను సరే, విప్పి ఎక్కడ పెట్టను? శుక్రవారం షాపుకు సెలవు. ఆ రోజు చుక్క ఇంట్లో ఉండాలి. ఇంట్లో అత్తయ్య ఉంటుంది. కొడుకు రాగానే నేను ఎన్నిసార్లు బాల్కనీలో నిలబడ్డానో కూడా చెప్పే మనిషి.

గురువారం సాయంత్రం గిన్నెలు తోముతున్నాను. పట్టీ కింద సబ్బునీళ్ళు చేరి చర్మం ఎర్రగా పొంగింది. అత్తయ్య మంచినీళ్ళ కోసం వచ్చి ఆగిపోయింది.

“ఏమే, ఆ చెయ్యి ఇటు చూపించు.”

“ఏం లేదత్తయ్యా.”

“ఏం లేకపోవడమేంటి, చెయ్యి వాచిపోయి ఉంటే! కూర్చో.”

కొబ్బరినూనె తెచ్చి పట్టీ అంచు కింద వేలు దూర్చి రాయబోయింది. వేలు దూరలేదు. నూనె వేలు కొంగుకు తుడుచుకుంది. “మీ మామగారికి ఇవన్నీ ఎక్కడివి?” అంది నెమ్మదిగా. “గడప మీద చెంబుడు నీళ్ళు పోసేవాడు. ఇవి ఆరేలోగా తిరిగి రావాలి అనేవాడు. వానాకాలం కాస్త నయం. ఎండాకాలం చచ్చేదాన్ని. కొట్టు దగ్గర ఎవరైనా బాగున్నావా అని పలకరిస్తే ఏడుపొచ్చేది. మా అమ్మ పోయిందని వెళ్ళి కూడా, గడప గుర్తొచ్చి, పూర్తిగా ఏడవకుండానే లేచి వచ్చేశాను.”

“మరి ఆదివారం నవ్వారుగా?”

“నువ్వూ నవ్వావుగా” అంది.

ఇంక ఆగలేకపోయాను. చెల్లి, గడ్డ, శుక్రవారం, అన్నీ చెప్పేశాను. చెప్తూనే భయపడుతున్నాను, ఇదంతా రాత్రి అన్నం పళ్ళెం దగ్గరికి చేరుతుందేమోనని. అత్తయ్య నూనె సీసా మూత పెట్టి, “దీన్ని విప్పడం నీకు వచ్చా?” అని అడిగింది.

“వచ్చు. చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నా.”

“అయితే రేపు నా చేతికి పెట్టి వెళ్ళు.”

“బల్ల మీద పెట్టినా చాలత్తయ్యా. చుట్టుపక్కల ఇళ్ళ ఫోన్లుంటాయి, ఇంట్లోనే చూపిస్తుంది.”

“నీ మొహం! ఒంటి వేడి తగలకపోతే వాడికి తెలిసిపోదూ? నాకే పెట్టు” అంది. ఎంత చెప్పినా వినలేదు.

శుక్రవారం అతను టిఫిను తిని, నా మణికట్టు ఒకసారి తిప్పి చూసి, ఆఫీసుకు వెళ్ళాడు. లిఫ్టు కిందికి దిగిన చప్పుడయ్యేదాకా ఆగి, కళ్ళద్దాలు తుడిచే గుడ్డలో చుట్టి తెచ్చిన స్క్రూడ్రైవర్ తీశాను. విప్పడానికి అరనిమిషం పట్టలేదు. అత్తయ్య మణికట్టు పిట్ట కాలంత ఉంది, చివరి రంధ్రం దాకా బిగించాల్సి వచ్చింది. ఆవిడ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, “రంగు బాగానే ఎంచావు. ఇంక నడువు, నిలబడకు” అంది.

బస్సులో నా చెయ్యి నాదిలా అనిపించలేదు. ఎవరు ఫోను తీసినా చేతిని సంచీ కింద దాచుకున్నాను, అక్కడేమీ లేదని తెలిసి కూడా. ఆస్పత్రిలో తోడు మనిషి ఎవరని అడిగితే నేనే అన్నాను. చెల్లి పచ్చటి గౌనులో, చెవులకు దుద్దులు కూడా లేకుండా, చిన్నపిల్లలా ఉంది. “బావకు చెప్పే వచ్చావా?” అంది. ఆఁ అన్నాను. దానికి తెలుసు నేను అబద్ధమాడుతున్నానని.

మధ్యాహ్నమే అయిపోవాల్సిన ఆపరేషన్, ముందు కేసు ఆలస్యమవడంతో జరుగుతూ జరుగుతూ సాయంత్రానికి గానీ మొదలు కాలేదు. గోడ గడియారం చూస్తే అతని ఆఫీసు వదిలే వేళయింది. ఇప్పుడు లేస్తే బస్సు అందుతుంది, ఇప్పుడు లేస్తే ఆటో అందుతుంది, ఇప్పుడు లేస్తే పరుగెత్తుకెళ్ళి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, అని లోపల ఎవరో తోస్తూనే ఉన్నారు. కాళ్ళు రెండుసార్లు లేచాయి కూడా. ఆపరేషన్ గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ మళ్ళీ మళ్ళీ కూర్చున్నాను. దీపం ఆరింది. చెల్లిని బయటికి తెచ్చి వార్డులో పడుకోబెట్టారు. బాగానే జరిగిందన్నారు. అది కళ్ళు తెరవకుండానే నా వేలు పట్టుకుంది. అప్పుడు ఫోను మోగింది. ఇంటి నంబరు.

“వాడొచ్చాడే” అంది అత్తయ్య. “నా చెయ్యి చూశాడు.”

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.

“విప్పుతానన్నాడు. పరికరం తన దగ్గరుందట. ఉంటే ఉండనీ, చెయ్యి ఇవ్వనన్నాను. నా కోడలు పెట్టింది, అదే వచ్చి విప్పుతుంది అన్నాను. చెల్లి ఎలా ఉందే?”

“బాగుంది” అన్నానో లేదో, ఫోను చేతులు మారింది. అదే గొంతు, అన్నం కలుపుకుంటున్న గొంతు. “చుక్క ఇంట్లో ఉంది. నువ్వెక్కడున్నావు?”

భయం పోలేదు, పోయిందని చెబితే అబద్ధం. చెల్లి పట్టుకున్న వేలు అలాగే ఉంచి, “ఆస్పత్రిలో, చెల్లి దగ్గర” అన్నాను. “ఇక్కడే ఉంటాను.”

“ఎప్పటిదాకా?”

“దాన్ని ఇంటికి పంపేదాకా.”

“అయితే తలుపు గడియ వేస్తున్నాను” అన్నాడు.

వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. “వేసుకోరా, బాగా వేసుకో. నేను వెళ్ళి మెట్ల మీద కూర్చుంటా. పై అంతస్తు ఆవిడ అడిగితే, తాళం మర్చిపోలేదమ్మా, నా కొడుకే తలుపు తియ్యడు అని చెప్తా.”

ఫోను కట్ అయింది. మళ్ళీ మోగుతుందేమోనని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను. మోగలేదు. చెల్లి ఒక కన్ను తెరిచి, “టైమైపోయిందా అక్కా? వెళ్ళాలా?” అంది. మణికట్టు మీద పట్టీ అచ్చు ఇంకా ఎర్రగానే ఉంది. గడప మీద నీళ్ళు ఈపాటికి ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి. ఆరితే ఆరనీ అనుకుని, చెప్పులు విప్పి దాని మంచం కిందికి తోశాను.