కుక్కుటేశ్వరరావు గారి ఫోల్డరు

పిఠాపురం నుంచి కాకినాడ వెళ్ళే బస్సు ఇంట్లో టీవీ కింద ఉండే స్టోరేజీ పెట్టె లోపల నడుస్తోంది, అందులో వింతేమీ లేదన్నట్టు హైమ నెలల పిల్లాణ్ణి చంకనేసుకుని కమ్మీ పట్టుకు నిలబడి ఉంది, కిటికీల బయట కాసేపు చెరుకు తోటలూ కాసేపు తమ హాల్లో కర్టెన్లూ వెనక్కి పోతున్నాయి. ఎవరి ఫోటోలూ పాటలూ వాళ్ళు దాచుకోవడానికి ఆ పెట్టెలో ఎవరి ఫోల్డరు వాళ్ళకున్నట్టే, ఇక్కడ సీట్ల మీద భర్త పేరూ అత్తగారి పేరూ తన పేరూ రాసి ఉన్నాయి. ఒక్క సీటులో మాత్రం పేరు మీద నీలం గళ్ళ తువ్వాలు పరిచి ఉంది.

అది మావయ్యగారి సీటు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పేరు నేను మీకు చెబుతాను గానీ హైమ చెప్పదు, మామగారి పేరు కోడలు నోటితో అనకూడదని వాళ్ళమ్మ నేర్పింది. కుక్కుటేశ్వరరావు. మనవడికీ అదే పెట్టారు, ఈ రోజుల్లో ఆ పేరుకి పోటీ ఎవరొస్తారులే అని. తీరా హైమ పిల్లాడికో ఫోల్డరు చేద్దామని మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చుని టైపు చేస్తే, ఈ పేరుతో ఇప్పటికే ఒకరున్నారు అంది పెట్టె. పాతది తీసేస్తే ఆయన దాచుకున్నవన్నీ దాంతోపాటే పోతాయి. ఆయన పేరు పక్కన అంకె తగిలించడానికి మనసొప్పలేదు.

"టికెట్, టికెట్" అంటూ ఖాకీ చొక్కాతో ఆయనే వస్తున్నారు, కండక్టరుగా రిటైరయ్యే నాటి బట్టతల లేదు, గొంతు మాత్రం అదే.

"ఏవమ్మాయ్, పసివాణ్ణెత్తుకుని నిలబడ్డావేం?"

"వీడికి సీటు లేదండి మావయ్యగారూ. మీది తీసెయ్యమంటోంది పెట్టె. నాకు చెయ్యి రావట్లేదండి."

ఆయన ఏదో అనబోతుంటే వెనక సీట్లోంచి హైమా, తిన్నావా అని వాళ్ళమ్మ గొంతు వినిపిస్తుంది, హైమకి కళ్ళు నిండిపోతాయి. అమ్మ పోయాక అమ్మ మాటలు రికార్డయి ఉన్న ఫోను చచ్చిపోతే, దాన్ని జేబులో వేసుకుని కాకినాడ షాపులన్నీ తిరిగి ఆ మాటలు బయటికి తీయించింది ఈయనే, పెట్టె కొన్ననాడు అందరికంటే ముందు కోడలికి ఫోల్డరు చేయించి అందులో వేయించిందీ ఈయనే. ఆమె పాస్‌వర్డు కొడుతుంటే గోడ వైపు తిరిగి నిలబడి, మా వాడికి కూడా చెప్పకు అన్నారు.

"ఆ రోజు మీకో మంచిమాటైనా చెప్పలేదండి. ఏడుస్తూ లోపలికెళ్ళిపోయాను."

"మీ అత్తయ్య చూడకుండా నా కంచంలో ఆవకాయ వేసేదానివి కదే. ఇంకేం చెప్పాలి?"

తువ్వాలు తీసి దులిపి, కిటికీ పక్కన కూర్చుని, ఆయన చేతులు చాస్తారు. "ఇలా తే. ఒళ్ళో పిల్లాడికి టికెట్ కొట్టడం నా సర్వీసులో ఎప్పుడూ లేదు. నా దాంట్లోనే వాడికో చోటు చెయ్యి. ఇద్దరం ఒక్క పేరు మీదే వెళ్తాం. ఏదీ, పిలు ఓసారి."

హైమకి సిగ్గేస్తుంది. బస్సు ఉప్పుటేరు నీళ్ళ మీద మెత్తగా పోతూ ఉంటుంది, కిటికీ గాలికి ఆయన పిల్లాడికి తువ్వాలు చుడతారు, అప్పుడు ఆమె పిలుస్తుంది, తాతా మనవడూ ఇద్దరూ ఒక్కసారే తల తిప్పి చూస్తారు.

మెలకువ వచ్చేసరికి లాప్‌టాప్‌లో అదే మాట అలాగే ఉంది. ఎదురుగా సోఫాలో అత్తగారు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఏడాదిగా బీరువాలోంచి బయటికి తియ్యని నీలం గళ్ళ తువ్వాలు వాడి చుట్టూ ఉంది.

"ఫ్యాను గాలికి ముడుచుకుపోతున్నాడని కప్పానమ్మా" అన్నారావిడ, ఏదో తప్పు చేసినట్టు.

హైమ మావయ్యగారి ఫోల్డరు తెరిచి, దాని లోపలే పిల్లాడికి ఇంకొకటి చేసింది. తర్వాత గొంతు సవరించుకుని పైకే పిలిచింది.

"కుక్కుటేశ్వరరావూ!"

అత్తగారు గబుక్కున వీధి గుమ్మం వైపు చూశారు. పిల్లాడు మాత్రం తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని, తల్లి వైపు తిరిగి నవ్వాడు.