పాలలాగా పల్చగా

మా ఆయన హర్షవర్ధన్ గారికి ఆటోనగర్‌లో బేరింగుల దుకాణం ఉంది. ఆ దుకాణానికి ఎడమపక్కన లారీలకి రంగులు వేసే షెడ్డు. ఆ షెడ్డు గాలి ఇన్నేళ్ళుగా పీల్చినందువల్ల రంగుల విద్య తనకి దానంతటదే వచ్చేసిందని ఆయన నమ్మకం. కుడిపక్కన భోజన హోటలు కూడా ఉంది. వంట మాత్రం రాలేదు.

పోయిన దసరాకి ఆయన ఎయిర్‌బ్రష్ కొన్నారు. లావుపాటి పెన్నులా ఉంటుంది. పైనున్న బుల్లి గిన్నెలో రంగు పోసి, వెనక కంప్రెసర్ గొట్టం తగిలించి మీట నొక్కితే, సన్నటి నాజిల్‌లోంచి రంగు మంచులా రాలుతుంది. ముక్కలుగా పెట్టెలో వచ్చే కార్లూ విమానాలూ ట్రాక్టర్లూ అతికించుకుని, వాటికి దీంతో రంగులు వేసుకునే సరదా ఒకటి ఈ మధ్య ఊళ్ళో కుర్రాళ్ళకి పట్టుకుంది. మా ఆయనకీ పట్టుకుంది. ఎయిర్‌బ్రష్ తర్వాత మాస్కు వచ్చింది, చేతి తొడుగులు వచ్చాయి, భూతద్దం ఉన్న లైటు వచ్చింది, బాల్కనీ కిటికీకి గాలి బయటికి లాగే ఫ్యాను వచ్చింది. రంగు వేయడానికి బొమ్మ ఒక్కటీ రాలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కూడా.

ఆయుధపూజ రోజు మా అత్తగారు సీతారావమ్మ గారు కంప్రెసర్‌కి పసుపు రాసి, బొట్లు పెట్టి, దిష్టి తీసి, దాని కాళ్ళ కింద నిమ్మకాయలు పెట్టి హారతిచ్చారు. నా పెళ్ళిలో నాకు కూడా అన్ని బొట్లు పెట్టలేదు.

ఇంతవరకూ నాకు నవ్వులాటే. మా నాన్న ట్రాక్టరు మధ్యలోకి వచ్చేసరికి నవ్వు పోయింది.

మా నాన్న రామకోటేశ్వరరావు గారిది ఉయ్యూరు దగ్గర పల్లె. చెరుకు రైతు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పాక ట్రాక్టరు అమ్మేశారు. అమ్మిన రోజు అన్నం తినలేదు. వేళ్ళకి పని పెట్టమని డాక్టరు చెబితే, ట్రాక్టరు కిట్టు ఒకటి తెప్పించి ఇచ్చాను. చిన్న ముక్కలు పట్టుకారుతో పట్టుకుని, వణికే చేత్తో, వేసంగి మొదలుకుని వానాకాలం అయ్యేదాకా అతికించారు. బోనెట్టు ఒక్కటి రంగు కోసం విడిగా ఉంచారు. బోనెట్టుకి ఎడమవైపు లైటు కొంచెం కిందికి వంగి ఉంటుంది. అది వణుకు వల్ల కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బళ్ళ వరసలో ముందు ట్రాలీ వెనక్కి వచ్చి గుద్దితే, అసలు ట్రాక్టరుకి ఆ లైటు అలాగే వంగింది. నాన్న ఎప్పుడూ బాగుచేయించలేదు. బొమ్మకి కూడా కావాలనే వంచి అతికించారు.

“అదే ఎరుపు వెయ్యమ్మా దుర్గా. తొందరేం లేదు, నీకు వీలైనప్పుడు,” అని నా చేతిలో పెట్టారు.

పక్కనే ఉన్న మా ఆయన బోనెట్టు నా చేతిలోంచి తీసేసుకున్నారు. “దుర్గ ఎందుకు మావయ్యగారూ, నేను లేనూ? ఆటోనగర్ ఫినిషింగ్ ఇస్తాను చూడండి!”

నాన్న మొహం చూశాను. అల్లుడు అడిగితే పొలం గట్టయినా జరుపుతారు గానీ కాదనలేరు. “మీ ఇష్టం బాబూ,” అన్నారు. ఆ “బాబూ” అనడంలో గొంతు కొంచెం కిందికి జారింది. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నారు.

మా ఆయన వీడియోలు చూశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు ప్లాస్టిక్ స్పూన్ల మీద సాధన చెయ్యాలని అందులో ఒక తెల్లాయన చెప్పాడు. “స్పూన్లకి రంగులేసుకోవడానికా ఇంత సరంజామా?” అని ఆ ముక్క ముందుకి జరిపేశారు. రంగుని పాలలాగా పల్చగా కలుపుకోవాలని కూడా చెప్పాడు. అది మాత్రం జరపలేదు. పాల సంగతి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోయింది.

మీకు మా అత్తవారి పాల గురించి చెప్పాలి. పామర్రు అవతల వాళ్ళ ఊళ్ళో గేదెలున్నాయి. రోజూ పొద్దున్నే ఫస్టు బస్సులో క్యాను వస్తుంది. ప్యాకెట్టు పాలు మా గుమ్మం తొక్కకూడదు. చుట్టాలొచ్చినా, అద్దెవాళ్ళొచ్చినా, కేబుల్ అబ్బాయి వచ్చినా ముందు పాల ప్రవచనం వినాల్సిందే. “మా ఇంట్లో పాలల్లో చుక్క నీళ్ళు కలవవండీ, గ్లాసు తలకిందులు చేసినా ఆలోచించి ఆలోచించి కారతాయి,” అంటారు అత్తగారు. మా ఆయన పక్కనుంచి తలూపుతారు.

ఆయన తలూపడంలో అబద్ధం లేదు. ఆయనకి వచ్చే గ్లాసు అలాంటిదే. పొద్దున్న పాలు కాగాక అత్తగారు కొడుకు గ్లాసు ముందు నింపి పక్కన పెట్టేస్తారు. ఆ తర్వాత మిగతా గిన్నెలోకి చెంబుతో నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెడతారు. నా కాఫీ అందులోంచి, చుట్టాల కాఫీ అందులోంచి, మా నాన్న వస్తే ఆయన కాఫీ కూడా అందులోంచే. కాపరానికొచ్చిన వారంలోనే ఇది చూశాను. ఒళ్ళు మండింది. కొత్త కోడల్ని కదా, కిమ్మనలేదు. తర్వాత అలవాటైపోయింది.

ఇప్పుడు ఆ తెల్లాయన “పాలలాగా” అన్నాడు. మా ఆయనకి తెలిసిన పాలు ఒక్కటే రకం. సీసాలోని ఎర్ర రంగు గిన్నెలో పోసి, థిన్నర్ నాలుగు చుక్కలు విదిలించి, పుల్లతో తిప్పి చూసుకున్నారు. మీగడ కట్టే పాలలాగా జారుతోంది.

“ఇంకొంచెం పల్చన చెయ్యండి. నాజిల్ పూడుకుపోతుంది,” అన్నాను.

“నీకేం తెలుసు? పాలంటే ఇలాగే ఉంటాయి. నీళ్ళపాలు చెయ్యమంటావా ఏంటి? మా వంశంలో లేదు!”

మీట నొక్కారు. ఎయిర్‌బ్రష్ ఒకసారి దగ్గింది. ఏమీ రాలేదు. గాలి పెంచారు. ఈసారి తుపుక్కున ఉమ్మింది. బోనెట్టు మీద ఎర్రటి గడ్డలు, పక్కనుంచి సాలీడు కాళ్ళలా కారిన గీతలు. ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. నాజిల్‌ని తిట్టారు, కరెంటుని తిట్టారు, కృష్ణానది మీదుగా వచ్చే తేమగాలిని తిట్టారు, వెనక నించుని చూసి దిష్టి పెట్టానని నన్ను తిట్టారు. మధ్యలో ఆపకుండా కొడుతూనే ఉన్నారు. అయ్యేసరికి నాన్న ట్రాక్టరు బోనెట్టుకి అమ్మవారు పోసినట్టుంది.

నాకు ఏడుపొచ్చింది. ఆయన కొంచెంసేపు అటూ ఇటూ తిప్పి చూసి, “దూరం నుంచి బానే ఉంది,” అన్నారు. తర్వాత భూతద్దం కింద పెట్టి, “చూశావా, మీ నాన్న లైటు వంకరగా అంటించారు. చెయ్యి వణికినట్టుంది పాపం. రేపు పీకి సరిచేస్తాను,” అన్నారు.

“దాన్ని ముట్టుకుంటే ఊరుకోను,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు.

మర్నాడు శనివారం ఆయన దుకాణానికి వెళ్ళగానే మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చాను. దూదిపుల్లలతో ఆ గడ్డలన్నీ నానబెట్టి, మెత్తటి పళ్ళ బ్రష్‌తో తోమి తీశాను. లైటు చుట్టూ తోముతుంటే ఊపిరి బిగబట్టుకున్నాను. అది ఊడితే నాన్నకి ఏం చెప్పాలి? ఊడలేదు. నాన్న గట్టిగానే అంటించారు.

నాజిల్ శుభ్రం చేసి, రంగు కలపడానికి కూర్చున్నాను. అప్పుడు నాకెందుకో నవ్వొచ్చింది. పాలు ఎంత పల్చగా ఉండాలో నాకు తెలిసినంత ఈ ఇంట్లో ఇంకెవరికి తెలుసు? వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో మిగిలిన మా పాలు చెంచాతో వంచి చూశాను, గిన్నె గోడ మీద పల్చటి పొర వదిలి జారిపోయాయి. థిన్నర్ పోస్తూ రంగుని కూడా అలాగే జారేదాకా కలిపాను. ముందు పుట్టినరోజు కేకుతో మిగిలిన స్పూన్ల మీద కొట్టాను. ఎర్రటి మంచు పడింది. బోనెట్టు మీద పొర వేసి, ఆరనిచ్చి, మళ్ళీ పొర వేశాను. సాయంత్రానికి నాన్న ట్రాక్టరు ఎరుపు వచ్చేసింది.

ఆదివారం నాన్న వచ్చారు. ఆయన చేతే బోనెట్టు ట్రాక్టరు మీద పెట్టించాను. టక్కుమని కూర్చుంది. నాన్న ట్రాక్టరుని దగ్గరికి తీసుకుని చుట్టూ చూశారు.

“అద్భుతం బాబూ, అద్భుతం. అచ్చం మన బండే,” అన్నారు చివరికి.

మా ఆయనకి శనివారం ఏం జరిగిందో తెలియకపోదు. పొద్దున్నే చూసి, “చెప్పానా, ఆరితే సర్దుకుంటుందని,” అన్న మనిషి. ఇప్పుడు కాలు మీద కాలేసుకుని, “ఏదో లెండి మావయ్యగారూ, చెయ్యి తిరిగిపోయింది,” అన్నారు.

“మావాడు ఏ పని చేసినా చిక్కగా చేస్తాడు అన్నయ్యగారూ,” అన్నారు అత్తగారు.

నాన్న వంగిన లైటు మీద వేలు పెట్టారు. “దీన్ని ఇలాగే ఉంచారు చూడండి, అది నాకు...”

“అదా? వంకరగా ఉందని పీకేద్దామనుకున్నా మావయ్యగారూ. టైమ్ దొరక్క వదిలేశా.”

నాన్న వేలు వెనక్కి తీసుకున్నారు. రంగు గొప్ప ఎవరికి దక్కినా ఊరుకునేదాన్నే. ఆ వేలు వెనక్కి వెళ్ళడం మాత్రం భరించలేకపోయాను.

వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు కొడుకు కోసం తీసి పెట్టిన గ్లాసు పాలతో నాన్నకి కాఫీ కలిపాను. గిన్నెలో పాలతో మిగతా అందరికీ కలిపాను. తెచ్చి అందించాను.

మా ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. “ఏంటీ పాలు? నీళ్ళు కలిపినట్టున్నాయే! అమ్మా, బస్సులో ఎవడో దొంగపని చేస్తున్నాడే! రేపు డిపోకి వెళ్ళి తేలుస్తా!”

అత్తగారు సీలింగు ఫ్యాను వంక చూస్తున్నారు.

“బస్సువాళ్ళనేం అనకండి,” అన్నాను. “అవి మన గిన్నెలో పాలే. అత్తయ్యగారూ నేనూ రోజూ తాగేవి, చుట్టాలకి పోసేవి. మీ గ్లాసు తీశాక చెంబెడు నీళ్ళు కలుస్తాయి. మీరు కలిపిన చిక్కటి రంగు తోమి పారేసి, నాన్న ట్రాక్టరుకి నేను కలిపింది ఈ పాల లెక్కన.”

ఆయన తల్లి వంక చూశారు. “అమ్మా?”

అత్తగారు ఫ్యాను మీంచి కళ్ళు దించకుండా, “ఒంటికి మంచిదని...” అన్నారు.

నాన్న తన గ్లాసులోకి చూసుకున్నారు. ఒక గుక్క తాగారు. మళ్ళీ చూశారు. ఈ ఇంట్లో అలాంటి కాఫీ ఆయనకి అదే మొదలు. తర్వాత నా గ్లాసులోకి చూశారు.

“పెళ్ళయిన దగ్గర్నుంచీ నువ్వు తాగేది అదేనా అమ్మా?” అన్నారు.

నాన్న తన గ్లాసుని ఆ పట్టులేని కుడిచేత్తోనే బల్ల మీద నెమ్మదిగా నా వైపు జరిపి, నా గ్లాసు తను తీసుకుని తాగేశారు.