కొట్టని చుక్క

యాభై తొమ్మిదేళ్ల యేసయ్యకు ఈమధ్య ఇంజిన్ల కంటే తన మోకాళ్లే ఎక్కువ మొరాయిస్తున్నాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే మళ్లీ కూర్చోబుద్ధి కాదు. వనపర్తిలో పెబ్బేరు దారి పక్కనున్న రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా పాత వ్యాన్లు బాగుచేస్తున్నాడు. పని ఎక్కువైతే అలసట వస్తుందని ఇన్నాళ్లూ అనుకునేవాడు. ఇప్పుడది పొద్దున పళ్లపుల్ల నోట్లో పెట్టుకునేసరికే వచ్చేస్తోంది.

అలాంటి ఒక శుక్రవారం రంగమ్మ తన వ్యానును ట్రాక్టరుకు తాడు కట్టించి లాక్కొచ్చింది.

ఆమెది శ్రీరంగాపూర్ దగ్గరి పల్లె. భర్త జంగయ్య పోయి నాలుగేళ్లయింది. ఆడది వ్యాను నడుపుతుందా అని నవ్వినవాళ్లను నవ్వుకోమని వదిలేసి, స్టీరింగు తనే పట్టింది. తెల్లవారకముందే పద్నాలుగు మంది ఆడవాళ్లను ఎక్కించుకుని, కృష్ణ దాటి గద్వాల వైపు విత్తన పత్తి చేలకు తీసుకెళ్తుంది. సాయంత్రం మొగ్గలు గిల్లిపెట్టి, మర్నాడు పొద్దున వాటికి మగపూల పుప్పొడి అద్దాలి. ఒక్క పొద్దు తప్పిందంటే ఆ రోజు పూలన్నీ దండగ. అందుకే విత్తన రైతు ఎవరి కోసమూ ఆగడు. ఒక బండి రాకపోతే ఇంకో బండిని పిలుచుకుంటాడు, ఇక సీజనంతా ఆ బండిదే.

"సోమారం పొద్దుగాల బండి చేన్ల ఉండాలె, యేసన్నా" అంది రంగమ్మ. "రెండు దినాలకు ఎట్లనో ఒప్పిచ్చిన. గంతకంటే ఆగరు. నేనొక్కదాన్నయితే ఏదో ఒకటి జేసుకుంట. గింతమందికి పని పోతే నా మొకం ఎట్ల జూపియ్యాలె?"

"జేస్త తీ చెల్లె" అన్నాడు యేసయ్య. ఆ మాట అనడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

విప్పి చూస్తే, నీళ్లు ఎండి వేడెక్కిన ఇంజిను హెడ్డు రెండు వాల్వుల నడుమ పగిలి ఉంది. హెడ్డంటే ఇంజిను మీది మూత. కుక్కరుకు మూత సరిగ్గా పడకపోతే అన్నం ఎట్లా ఉడకదో, హెడ్డు పగిలితే బండి అట్లా నడవదు. ఆ రకం వ్యాన్లు తయారుచేయడం ఎప్పుడో మానేశారు. కొత్త హెడ్డు దొరికే మాటే లేదు. పాతసామాన్లలో వెతుక్కోవాల్సిందే.

శనివారం పొద్దున్నే బస్సెక్కి కల్వకుర్తి స్క్రాపు దుకాణానికి వెళ్లాడు. ఎండలో కాలిపోతున్న ఇనుప కుప్పల మధ్య రెండు గంటలు తిరిగితే తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆ రకం హెడ్డు ఒక్కటి దొరికింది. పక్కన పట్టిన జిడ్డును గుడ్డతో తుడవగానే చిన్న సిలువ గుర్తు, దాని పక్కన రెండు చుక్కలు కనిపించాయి. నెత్తిన పాలు పోసినట్టయింది ఆయనకు. అది తన గుర్తే.

వేడికి వంకరపోయిన హెడ్డును లేత్ మీద చెక్కి చదును చేస్తారు. చెక్కిన ప్రతిసారీ అది కొంచెం పల్చబడుతుంది. ఎన్నిసార్లు చెక్కారో తర్వాత విప్పేవాడికి తెలియాలని ఈ చుట్టుపక్కల మేస్త్రీలు మొనదేలిన పంచ్‌తో ఒక్కో చుక్క కొడతారు, పక్కన తమ గుర్తు వేస్తారు. మూడు చుక్కలు పడ్డ హెడ్డును మళ్లీ చెక్కరు. అది ఇక కొలిమికే. దీనికి రెండే ఉన్నాయి కాబట్టి ఇంకోసారి చెక్కొచ్చు.

షెడ్డుకు తెచ్చి, కిరసనాయిలు పూసి తుడిచి, సుద్దపొడి చల్లి చూశాడు. పగులుంటే లోపల దాక్కున్న నూనె సుద్ద మీద నల్లగీతై పైకొస్తుంది. ఏ గీతా రాలేదు. మందం కూడా కొలవాల్సిందే. కొలిచే పరికరం కింది పెట్టెలో ఉంది. దానికోసం వంగాలి, వంగితే లేవాలి, పైగా కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాడు. తన చేత్తో కొట్టిన చుక్కల కంటే కొలతేం ఎక్కువ చెబుతుందిలే అనుకున్నాడు.

ఆ సాయంత్రమే చదును చేయించడానికి తీసుకెళ్తే, లేత్ షాపు గోపి హెడ్డును చేత్తో ఎత్తి చూశాడు. "జర పల్చగ అనిపిస్తుందే అన్నా. ఒకపారి కొలుద్దమా?"

"నా గుర్తే అది. ముప్పై ఏండ్లసంది కొడుతున్న. నువ్వు కానీయ్."

గోపి హెడ్డును లేత్‌కు బిగించి చెక్కేశాడు. యేసయ్య చుక్కంటే ఆ ఊళ్లో దస్తఖతు కింద లెక్క. దాన్ని కాదని కొలత పెడితే పెద్దమనిషిని అవమానించినట్టవుతుంది.

ఆదివారం చర్చి మానుకుని బిగింపు మొదలుపెట్టాడు. రంగమ్మ పక్కనే కూర్చుని ఏ పానా అడిగితే ఆ పానా అందించింది. మధ్యాహ్నానికి బోల్టులన్నీ బిగించడం అయింది. స్టార్టు చేసేముందు ఇంజినును చేత్తో ఒక చుట్టు తిప్పి చూడటం ఆయన పద్ధతి. పెద్ద పానా పట్టి తిప్పాడు. సగం తిరిగి టక్కుమని ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పాడు. మళ్లీ టక్కుమంది. వాల్వు దిగివచ్చి పిస్టనుకు తగులుతోంది.

హెడ్డు మరీ పల్చబడితేనే అట్లా తగులుతుంది. బిగించిందంతా విప్పాడు. అప్పుడు వంగి, పెట్టెలోంచి కొలిచే పరికరం తీశాడు. అంకెలు మసకగా కనిపిస్తుంటే రంగమ్మతో చదివించాడు. చదివిన అంకె నమ్మలేక మళ్లీ చదివించాడు. మూడుసార్లు చెక్కిన మందం కాదది, నాలుగుసార్లు చెక్కినది.

ముప్పై ఏళ్లలో ఆయన చెక్కించి చుక్క కొట్టకుండా వదిలేసిన హెడ్డు ఒక్కటే ఒక్కటి. అది గుర్తుకొచ్చేసరికి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఏందన్నా?" అంది రంగమ్మ.

"ఇది మీదే, చెల్లె. జంగయ్య మొదటి బండిది. పదేండ్ల కింద తిమ్మాజిపేటాయనకు అమ్మిండ్రు సూడు, గా బండిది."

రంగమ్మ ఆ రెండు చుక్కలను వేలితో తడిమింది. పదేళ్ల కింద ఆ హెడ్డు మూడోసారి చెక్కించిన రోజు కూడా ఆమె ఇదే షెడ్డులో ఉంది. జంగయ్యకు ఆపరేషను చేయించాలి, బండి అమ్మాలి. మూడో చుక్క కనబడితే కొనేవాడు వెనక్కి పోతాడు.

"నేనే అన్న గద" అంది. "గీ ఒక్క చుక్క కొట్టకన్నా, నీ కాల్మొక్త అని."

"నువ్వన్నవు. పంచ్ నా చేతిలుండె."

సిగ్గుతో ఆయన తలెత్తలేదు. జాలిపడి చేసిన పనే, కానీ ఆ జాలి వేరొకడి నెత్తిన పెట్టాడు. ఆ తిమ్మాజిపేట మనిషి ఏ దారిలో ఆగిపోయాడో, బండిలో ఎవరున్నారో ఇన్నేళ్లలో ఒక్కసారి కనుక్కోలేదు.

"ఇగ నడవదా?" అంది రంగమ్మ.

అబద్ధమాడే ఓపిక కూడా లేదు ఆయనకు. "హెడ్డు కింద రెండు గ్యాస్కెట్లు ఒకదాని మీదొకటి ఏస్తే ఎత్తు సరిపోతది. నడుస్తది. సీజనంతా నడవొచ్చు, రేపే బ్రిడ్జి మీద ఆగొచ్చు. నాకు తెల్వది. నువ్వు ఏయమంటే ఏస్త."

రంగమ్మ ఖాళీ వ్యాను వైపు చూసింది. వెనక రెండు బల్లలు, వాటి మీద ఆడవాళ్లు పరుచుకునే గోనెసంచులు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె తుడుచుకోలేదు.

"వద్దన్నా" అంది. "మనం ఒకపారి గట్ల జేసినం, చాలు. చుక్క కొట్టు."

హెడ్డు కదలకుండా ఆమె రెండు చేతులతో పట్టుకుంది. యేసయ్య సిలువ పక్కన పంచ్ ఆనించి సుత్తితో పదేళ్ల నాటి చుక్క కొట్టాడు, తర్వాత నిన్నటిది. నాలుగోది కొంచెం పక్కకు పడింది.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని ఫోను తీసింది. ఆమె కూలీల మీద ఎప్పటినుంచో కన్నేసిన ఇంకో బండి యజమాని హన్మంతుకు చేసింది.

"హన్మంతన్నా, రేపటిసంది మా మందిని నువ్వే తోల్కపో. రైతుకు నేను జెప్త. జాగ సరిపోతదా? పదిహేను మంది."

యేసయ్య తలెత్తాడు. "పద్నాలుగు మందే గద, చెల్లె?"

"నేనున్న గదన్నా" అంది రంగమ్మ, ఆయన లేవడానికి చెయ్యి అందిస్తూ.