పళ్ళ డాక్టరమ్మ కారులో ఆరని లైటు

ఇలా దగ్గరికి జరుగు, చెవి ఇటు పడెయ్. కార్లు బాగుచేసే ఒకాయన భార్య కడుపుమంట సంగతి చెబుతాను. పొయ్యి మీది మంటయితే కట్టెలు లాగేస్తే ఆరుతుంది, ఇది అలాంటిది కాదు.

వాళ్ళ షెడ్డులో పనులు పంచుకున్నారు. విప్పడం, బిగించడం మొగుడి వంతు. బాగైన బండిని కడిగి, అద్దాలు తుడిచి, పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి ఇవ్వడం పెళ్ళాం వంతు. ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తేది ఆడపడుచు. ఫోన్లు లేనప్పుడు ఆవిడ నోరు ఖాళీగా ఉండదు.

ఒకరోజు పళ్ళ డాక్టరమ్మ తెల్లకారు వేసుకుని వచ్చింది. స్టీరింగు వెనకాల ఇంజను బొమ్మ లైటు పసుపుపచ్చగా వెలుగుతోందట, ఆరట్లేదట. మొగుడు స్కానరు తగిలించి చూశాడు. ఇంజనులో మూడో సిలిండరు సరిగ్గా మండక మిస్సవుతోందని చూపించింది అది. ప్లగ్గు మార్చాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత పాత ప్లగ్గు చేతిలో పట్టుకుని, అది నిప్పురవ్వ ఎలా పుట్టిస్తుందో, ఆ రవ్వకి పెట్రోలు ఎలా భగ్గుమంటుందో ఒకటే చెప్పడం! డాక్టరమ్మ తల ఊపుతూ వినడం, మధ్యమధ్యలో ఫక్కున నవ్వడం. ఆ పలువరుస చూసి పెళ్ళానికి ఒళ్ళు మండిపోయింది.

"చూశావా వదినా, మా అన్నయ్యకి ఇన్ని మాటలొచ్చని నాకే తెలీదు," అంది ఆడపడుచు. "ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా నోరు విప్పడే!"

"నోరు నొప్పేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. పళ్ళ డాక్టరు రాగానే తగ్గిపోయింది," అంది పెళ్ళాం, పళ్ళు నూరుకుంటూ.

ఆ కారు కడగడానికి వచ్చేసరికి ఆవిడకో ఆలోచన తట్టింది. మురికి వల్లే ఈ మాయదారి లైటు వెలుగుతుందేమో, మచ్చ కూడా మిగల్చకుండా కడిగేస్తే ఈ మహాతల్లి మళ్ళీ మన గుమ్మం తొక్కదు కదా అని. వేరే బండ్లకి ఇంజను మూత కింద పొడిగుడ్డతో తుడిచేది. దీనికి మూత ఎత్తి, నీళ్ళ గొట్టం పెట్టి, పగ తీర్చుకున్నట్టు కొట్టింది. మొగుడు లోపల భోంచేస్తున్నాడు, చూడలేదు.

వారం తిరక్కుండా తెల్లకారు మళ్ళీ వాకిట్లో ఆగింది. లైటు వెలిగిందట. స్కానరు మళ్ళీ మూడో సిలిండరే అంది. విప్పి చూస్తే కాస్త తుప్పు తప్ప ఏమీ లేదు. ప్లగ్గు మీద కూర్చుని దానికి కరెంటు అందించే కాయిలు మార్చాడు, నీళ్ళు దిగకుండా దాని చుట్టూ ఉండే రబ్బరు కూడా కొత్తది వేశాడు. మళ్ళీ కబుర్లు, మళ్ళీ నవ్వులు. ఈసారి ఇద్దరికీ టీ కూడా!

"లైటు ఆవిడే వెలిగించుకుంటోందేమో వదినా," అని ఎగదోసింది ఆడపడుచు.

"లేకపోతే ఈయనే ఆర్పకుండా ఉంచుతున్నాడు!" అంది పెళ్ళాం. ఆ కసి అంతా గొట్టంలోంచి ఇంజను మీద పడింది. రెండింతలు కడిగింది.

డాక్టరమ్మ బండి తీసుకుని వీధి మలుపు దాకా వెళ్ళిందో లేదో, అక్కడినుంచే వెనక్కి తిప్పుకొచ్చింది. లైటు వెలిగింది, బండి గుక్కపట్టిన పిల్లలా కుదుపుతోంది. మొగుడు కాయిలు పైకి లాగాడు. ప్లగ్గు గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"మీరు కారు వానలో పెడతారా అమ్మా?"

"లేదండీ, కప్పు కిందే."

"పైన కడిగిన నీళ్ళు ఇక్కడిదాకా దిగవు. రబ్బరు చూస్తే కొత్తది. మరి నీళ్ళెక్కడివి?" అంటూ తల గోక్కున్నాడు.

పక్కన గుడ్డ పిండుతున్న పెళ్ళాం చేతులు ఆగిపోయాయి.  డాక్టరమ్మని రాకుండా చేద్దామని తను కడిగిన నీళ్ళే ఆవిణ్ణి మళ్ళీ మళ్ళీ లాక్కొస్తున్నాయి!

డాక్టరమ్మ మొహమాటంగా అంది, "ఏమీ అనుకోకండి. ఈసారి కారు కంపెనీ వాళ్ళ షెడ్డులో చూపిస్తాను."

ఇంకేం కావాలి? ఇన్నాళ్ళూ పెళ్ళాం కోరుకున్నదే కదా! నోరు మూసుకుంటే చాలు, పీడ విరగడవుతుంది. ఆవిడ మళ్ళీ గుడ్డ పిండడంలో పడింది. కానీ మొగుడు కాయిలు బల్ల మీద పెట్టి, నేలచూపులు చూస్తూ, "తీసుకెళ్ళండమ్మా. నాకు చేతకాలేదు," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట ఆవిడ ఎన్నడూ వినలేదు. అదీ ఎవరి ముందు? ఆ డాక్టరమ్మ ముందు!

"ఆయనకి చేతకాకపోవడమేంటి?" అని కయ్యిమంది పెళ్ళాం. "ఆ నీళ్ళు నేను పోశాను. మూత ఎత్తి గొట్టంతో కొట్టాను. రెండుసార్లు!"

"ఇంజను మీదా? ఎందుకే?"

"మళ్ళీ రాకూడదని."

"లైటా?" అన్నాడు ఆ అమాయకుడు.

పెళ్ళాం డాక్టరమ్మ వంక చూసింది. డాక్టరమ్మ పెళ్ళాం వంక చూసింది. బల్ల దగ్గర ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ చెంపలు ఎర్రబడ్డాయి, ఆపైన నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయనకీ అప్పుడు వెలిగింది. ఆయనా నవ్వాడు. ఇద్దరూ కలిసి నవ్వారు చూడు, అది మరీ మంట!

గాలి కొట్టి గుంట ఆరబెట్టి, కాయిలు తిరిగి బిగించాడు. లైటు ఆరింది, మళ్ళీ వెలగలేదు. షెడ్డు పేరు నిలబడింది. డాక్టరమ్మ మట్టుకు రావడం మానలేదు, నూనె మార్చడానికైనా అక్కడికే వచ్చేది.

నువ్వూ ఇది గుర్తుపెట్టుకుని ఎవరికైనా చెప్పు. చెప్పేటప్పుడు, ఆవిడ మనసు మారి డాక్టరమ్మతో స్నేహం చేసిందని మాత్రం కలిపి చెప్పకు. చెయ్యలేదు. ఆ తెల్లకారు వస్తే చాలు, మొగుడి పక్కన పీట వేసుకుని కూర్చునేది, బండి గేటు దాటేదాకా లేచేది కాదు.