స్టీరింగులో వణుకు

బేకరీ ఆవిడ కారు చక్రానికి బ్యాలెన్స్ కోసం ఆఖరి సీసం ముక్క అంటించి, మెషీను మీద మళ్ళీ తిప్పి చూసి, ట్రయలాయన పెదవి విరిచాడు. మెషీను అంతా బాగుందంటోంది. ఆయనకు మాత్రం నమ్మకం కుదరలేదు.

మెకానిక్ షెడ్డులో బళ్ళు విప్పేది ఎవరైనా, ట్రయల్‌కని రోడ్డెక్కించి రోగం పట్టుకునేది ఆయనే. బక్కపలచని మనిషి. గోళ్ళలో గ్రీజు, కిటికీ వైపు మోచెయ్యి మాత్రం ఎండకు మాడి నల్లబడింది. సొంత కారు లేదు గానీ ఊళ్ళో ఆయన నడపని కారు లేదు. ఇంట్లో పిలిస్తే పలకడు గానీ బేరింగు మూలిగితే చటుక్కున వింటాడని భార్య దెప్పుతుంటుంది. షెడ్డు ఆమె తమ్ముడిదే. "మా బావ స్టీరింగు పట్టుకుంటే చాలు" అని అతను గొప్పలు పోతుంటే ఈయన లోలోపల మురిసిపోతుంటాడు.

ఆయన లెక్క తేలిక. వేగంలోనే వణికితే చక్రాల బ్యాలెన్స్. బ్రేకు తొక్కితేనే వణికితే డిస్కులు. నిలబడ్డ బండి కూడా వణికితే ఇంజను మౌంటింగులు. ఈ కారు ఏ లెక్కకూ లొంగడం లేదు. చక్రాలు సరిచేస్తే బ్రేకు దగ్గర వణికింది. డిస్కులు చదును చేయిస్తే నెమ్మదిగా పోతున్నా వణికింది.

"అన్నా, మీరు మొదటిసారి చక్రాలు చూసినప్పుడే బాగైపోయింది. నేను నడిపి చూశాగా, వెన్నలా పోతోంది. బన్నులు ఎండిపోతున్నాయి, ఇచ్చేద్దురూ!" అంది బేకరీ ఆవిడ.

"మీకు తెలీట్లేదమ్మా. సగం రోగంతో బండి పంపితే నాకు నిద్రపట్టదు."

ఆయన మళ్ళీ బయల్దేరుతుంటే బామ్మర్ది వచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు. ఎప్పుడూ రానివాడు ఇప్పుడు రావడం ఆయనకు నచ్చలేదు.

గోడౌన్ల వెనక రోడ్డు ఖాళీగా ఉంది.

"అదిగో, చూశావా? మళ్ళీ!"

"ఒక్కసారి పక్కకి ఆపు బావా."

ఆపాడు. ఇంజను కట్టేశాడు. వణుకు ఆగలేదు.

ఇంజను ఆగిన బండిలో వణికే భాగమేదీ లేదని ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? మెల్లగా చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కడా అవి ఊరుకోలేదు.

"అక్క చెప్పింది," అన్నాడు బామ్మర్ది. "నీ చొక్కా గుండీలు తనే పెడుతోందంటగా. నీకెలా చెప్పాలో తెలీక నోరు మూసుకున్నా."

"మొన్న ఆ డాక్టరు కారు... అంతకుముందు ఆ తెల్లది... వాటికీ ఏం లేదా?"

బామ్మర్ది తల తిప్పుకున్నాడు. జబ్బు కంటే ఆయనకు అదే ఎక్కువ బాధేసింది. బాగున్న బళ్ళను విప్పించాడు.

"దీనికేం లేదు. ఆవిడకిచ్చెయ్," అంటూ దిగాడు. "రేపట్నుంచి ట్రయల్స్ నువ్వే చూసుకో. నేనిట్నుంచిటే ఇంటికి పోతా."

"దింపుతా ఉండు బావా."

"వద్దులేరా. దగ్గరేగా."

చేతులు జేబుల్లో దోపుకుని, వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.

బామ్మర్ది కారు షెడ్డులోకి తిప్పబోయి, గట్టిగా బ్రేకు వేశాడు. పెడల్ అదురు అరికాలికి తెలియాలని, బండెక్కే ముందు బావ చెప్పులు విడిచే చోటది. బొటనవేళ్ళ అచ్చు దిగిన ఆ జత, వాకిలి వైపు తిరిగి అలాగే ఉంది.