గాలిలో విరగని పంకా

నేను ఒక విరిగిన ప్రొపెల్లర్ని. విమానం ముక్కున గిర్రున తిరిగి దాన్ని ముందుకు లాగే కొయ్య పంకాను. ఇప్పుడు ఒక అటక మీద దుమ్ములో పడి ఉన్నాను. గాలిలో ఉండగానే నా అంతట నేనే విరిగిపోయానని నా మీద ఒక నింద ఉంది. అది పచ్చి అబద్ధం. ఆ మాట పుట్టించినవాళ్లంతా పోయారు. నా కోపం మాత్రం పోలేదు.

1911లో హాలెట్ దొర ఓడ మీద ఒక విమానాన్ని మద్రాసు తెచ్చాడు. మనిషి ఇంజను పెట్టుకుని ఎగరడం నేర్చి అప్పటికి ఎనిమిదేళ్లు. జనం టికెట్టు కొని చూసే వింత అది. తీరా పెట్టె విప్పితే సీమ ప్రొపెల్లరు రెండు ముక్కలై ఉంది. ఇంకోటి రావాలంటే నెల పైమాటే. దొర బగ్గీలు చేసే కార్ఖానాకు పరుగెత్తాడు. అక్కడ పనిచేసే నెల్లూరు వడ్రంగి కోటాచారి ఆ ముక్కల్ని ఒళ్లో పెట్టుకుని పూటంతా తడిమి చూశాడు. ఆరు టేకు పలకలు అతికించి, పదకొండు రోజుల్లో నన్ను చెక్కాడు.

ఆయన తాతలు రథాలు చేసినవాళ్లు. కొత్త రథం కదిలిన రోజు దాన్ని చేసిన వడ్రంగి చక్రం పక్కనే నడవాలన్నది వాళ్ల ఇంటి ఆచారం. విరిగితే ముందు తన మీదే పడాలి. నన్ను బిగించి మొదటిసారి ఇంజను తిప్పినప్పుడు కోటాచారి వచ్చి, నేను పగిలితే ముక్కలు సరిగ్గా ఎక్కడ తగులుతాయో అక్కడ నిలబడ్డాడు. దొర నవ్వాడు. నవ్వుతూనే ఇరవై గజాలు అవతలికి జరిగాడు.

శనివారం ఎగిరాం. మూడు చుట్లు తిరిగినా నాలో ఒక్క పేడు లేవలేదు. చప్పట్లు దొర తలకెక్కాయి. దొరసానులు కూర్చున్న డేరా మీదుగా మరీ కిందికి దించాడు. డేరా గుంజ తగిలి నా రెక్క ఒకటి తెగింది. విమానం ఇసుకలో బోర్లా పడింది. దొరకు చొక్కా చిరిగింది, అంతే.

నాటు వడ్రంగి చేసిన పంకా గాలిలో దానంతటదే విరిగిందని మర్నాడు పత్రికలో వచ్చింది. చెప్పింది దొరే. కోటాచారిని పనిలోంచి తీసేశారు. ఆయన చేసిన బళ్లెక్కడానికి కూడా జనం జంకారు. ముప్పై ఏళ్ల పేరు ఒక్క పూటలో మట్టిలో కలిసింది. ఆయన నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టాడు.

నాలుగో రోజు దొర సిగ్గు లేకుండా ఆ అరుగు దగ్గరికే వచ్చాడు. వెంట కార్ఖానా మేనేజరు మునుసామి నాయుడు. రెండు వారాలు దాటాక వచ్చే శనివారం మళ్లీ ఎగరాలట, ఇంకో పంకా కావాలట.

"గుంజకు కొట్టానని దొరగారిని పేపర్లో రాయించమనండి. సాయంత్రానికే పలకలు కోస్తా," అన్నాడు కోటాచారి.

"అట్టా రాస్తే దొరకి ఎగరడం రాదని చెప్పినట్టేగదయ్యా. పంతం మాను. నిన్ను మేస్త్రీని చేస్తా," అన్నాడు నాయుడు.

"అయితే నా పంకా గాల్లో విరిగిందన్నమాటేగా. విరిగే పంకా దొరగారికెందుకండీ?"

నాయుడు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పలేదు. దొర ముఖం మాత్రం కందగడ్డయింది.

తర్వాత దొర మద్రాసులో ఉన్న వడ్రంగులందరి గడపలూ తొక్కాడు. కోటాచారి ఏమన్నాడని ప్రతి ఒక్కరూ అడిగారు. విని, కొయ్య చెక్కుతున్న బాడిత కింద పెట్టేశారు.

ఆ శనివారం మైదానం నిండా జనం చేరారు. పొద్దుగూకేదాకా తలలెత్తి చూశారు. కాకులు తప్ప ఏమీ ఎగరలేదు.

గాలి అనుకూలించలేదని పత్రిక రాసింది.