పోతమ్మ పలకని మాట

తుఫాను సాయంత్రానికి తీరం దాటుతుందన్నారు. పొద్దున పదకొండు కల్లా జాలరిపేటలో తన వంతు వీధులన్నీ ఖాళీ చేయించి, జనాన్ని మునిసిపల్ స్కూలుకి చేర్చేసింది డిప్యూటీ తహసీల్దారు సత్యశ్రీ. చేర్చేసింది అనడం పేరుకే. గజపతినగరం దగ్గర చెరుకు పొలాల మధ్య పుట్టిన మనిషి ఆవిడ. మైకు పట్టుకుని గంటసేపు మొత్తుకున్నా ఒక్క గడప కదల్లేదు. చివరికి చేపల పోతమ్మ నడివీధిలో నిలబడి ఒక్క కేక పెట్టింది. అంతే, ముసలీ ముతకా మూటలతో సహా బస్సెక్కారు.

పోతమ్మకీ సత్యశ్రీకీ ఆరేళ్ళ పరిచయం. ప్రతి ఆదివారం మద్దిలపాలెంలో సత్యశ్రీ గుమ్మం ముందు గంప దించేది పోతమ్మే. "సేప మొప్ప సూడ్డం రాదు గానీ మండలాన్ని ఏలతాదంట మాయమ్మ," అని ముఖం మీదే వెక్కిరించేది. అలా వెక్కిరిస్తూనే మంచి వంజరం చేప ఏరి పెట్టేది. పుట్టింటి నుంచి ఎవరూ రాని పట్నంలో ఆ వెక్కిరింత కోసమే సత్యశ్రీ ఆదివారాలు ఎదురుచూసేదంటే అందులో అబద్ధం లేదు.

స్కూలు గేటు దగ్గర తలలు లెక్కపెడితే రెండు వందల పన్నెండు. కంట్రోల్ రూము పంపిన ఫారంలో ఆఖరి ప్రశ్న: సముద్రంలో ఇంకా ఎవరైనా ఉన్నారా? సత్యశ్రీ మైకులో అదే అడిగింది. ఆడవాళ్ళందరూ నేల చూపులు చూశారు. ఎవరూ లేరని ఎవరో గొణిగారు. రిజిస్టరులో ఉన్న బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయని ఉదయమే టిక్కులు పడ్డాయి. సత్యశ్రీ సున్నా వేసి పంపేసి హమ్మయ్య అనుకుంది. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఒంటిగంటకి భోజనాలయ్యాయి. వంట చూస్తున్న సూర్యకళ వచ్చి, "మేడమ్, కంచాలు రెండు వందల పదమూడు లేచాయండి," అంది. ఇంకొకరైతే పోనీలెద్దూ అనేవారు. సత్యశ్రీకి లెక్క తేలకపోతే నిద్రపట్టదు. గది గదీ తిరిగింది. అయిదో తరగతి గదిలో మూల కూర్చుని ఉంది పోతమ్మ. ఆమె ముందు రెండు కంచాలు. ఒకదాని మీద మూత. రెండోదాంట్లో మెతుకు కదిపిన జాడ లేదు.

"ఎవరికి పిన్నీ, ఆ మూత పెట్టిన కంచం?"

"మా మావకి. ఒస్తాడు."

పోతమ్మ మొగుడు పోలిరాజు. ఆయన బోటు ఇంజను పాడై రిపేరులో ఉంది. రిజిస్టరులో బోటు పక్కన టిక్కు కూడా ఉంది.

"ఎక్కణ్ణుంచి వస్తాడు?"

పోతమ్మ గోడ మీది ఎక్కాల పట్టిక వైపు తిరిగిపోయింది. సత్యశ్రీకి అప్పుడు తట్టింది. బోటు ఒడ్డునుంటే మనిషి కూడా ఒడ్డునే ఉండాలని ఎక్కడుంది? రిజిస్టరుకెక్కని తెప్పలు ఎన్ని లేవు!

"పిన్నీ, సముద్రంలో ఎవరూ లేరని నేను రాసి పంపేశాను! నువ్వు పక్కనే ఉండి ఒక్క మాట..."

పోతమ్మ చప్పున లేచి ఆవిడ నోరు మూసింది.

"ఆ మాట అనకు తల్లీ. గాలేల మొగోడు అక్కడున్నాడని ఇంటి ఆడది నోటితో అందంటే, గంగమ్మ సేతికి అప్పజెప్పీసినట్టే. నా సిన్నప్పుడు మాయమ్మ అనీసింది. మా అయ్య మరి రానేదు. నాను అన్ను. నన్ను సంపినా అన్ను."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడం తెలియకపోయినా పెట్టదని ఆ క్షణాన సత్యశ్రీకి అర్థమైంది. ఈవిడ మీద కోపం తెచ్చుకోవాలా, కావలించుకోవాలా? రెండింటికీ వ్యవధి లేదు. రెండు దాటితే రెస్క్యూ బోట్లు కూడా హార్బరు విడిచి బయటికి రావు.

"సరే, ఆ మాట అనొద్దు," అంది నెమ్మదిగా. "మీ వల ఎక్కడుందో చెప్తావా?"

పోతమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది.

"వలా? వల సంగతయితే సెప్తాను. వలకేటి, సెప్పొచ్చు."

సత్యశ్రీ కంట్రోల్ రూముకి ఫోను కలిపింది. "నీలకంఠం గారూ, నేను పంపిన సున్నా తప్పండి. ఒక మనిషి ఉన్నాడు. తప్పు నాదే."

"తిట్లు తుఫాను దాటాక తిందువుగాని," అన్నాడాయన. ముప్ఫై ఏళ్ళు పడవల మీద ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. "చోటు చెప్పమ్మా."

సత్యశ్రీ ఫోను పోతమ్మ నోటి దగ్గర పెట్టింది. చేపలు అమ్మేటప్పటి గొంతుతో, గడగడా చెప్పింది పోతమ్మ.

"మొన్నేసిన వల బాబూ. కైలాసగిరి శివుడి ఎనకాల నీళ్ళ టాంకీ దాగిపోవాల. దచ్చినాన లైటౌసు కొండ ముక్కు మీదికి రావాల. అక్కడ పన్నెండు బారల లోతు. కొత్త వల. తెల్లారగట్ట తెప్పేసుకుని తీసుకొచ్చీసేదే. ఒక్కసేతి మీద బరువు కదా, లేటవుతాంది."

"ఒడ్డు గుర్తులు రెండూ కలిసేది ఎక్కడో తెలిసిందమ్మా," అన్నాడు నీలకంఠం. "మీ వల కోసం బోటు పంపుతున్నాను."

ఆ తర్వాత రెండు గంటలు గడవడానికి సత్యశ్రీ తల ప్రాణం తోకకొచ్చింది. స్కూలు రేకులు దడదడలాడుతున్నాయి. గది గదికీ పోయి కిటికీలు మూయించి, మళ్ళీ వచ్చి పోతమ్మ పక్కనే కూలబడింది. ఆ గరుకు చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చేపల వాసన. ఎప్పుడూ ముక్కు మూసుకునే వాసన ఇవాళ ఎంతో ధైర్యమిచ్చింది.

"నువ్వు తిన్నావేటమ్మా?" అంది పోతమ్మ ఉన్నట్టుండి.

"లేదు."

"అది నాయం కాదు. ఆపీసరమ్మ పస్తుంటే గాలి తగ్గుతాదేటి? తిను," అని తన కంచం ఆవిడ ముందుకి తోసింది. సత్యశ్రీ తిన్నది. కళ్ళనీళ్ళు అన్నంలో పడుతున్నా తిన్నది.

మూడున్నరకి ఫోను. "దొరికాడు," అన్నాడు నీలకంఠం. "ఎదురుగాలికి తెడ్డు వేయలేక తెప్పని వల తాడుకే కట్టేసుకుని కూర్చున్నాడట. ఆవిడ చెప్పిన చోటే, బారెడు అటూ ఇటూ కాలేదు. తెప్పా వలా వదిలేసి రానని బోటు వాళ్ళతో పోట్లాట కూడానట."

జీపు వచ్చి గేటు దగ్గర ఆగింది. కంబళి కప్పుకుని, చలికి పళ్ళు టకటకలాడుతుండగా దిగాడు పోలిరాజు. పోతమ్మ పరిగెత్తలేదు. మెల్లగా నడిచి వెళ్ళి, ఆయన పాదాలు ఇసుక మీద కాదు, స్కూలు గచ్చు మీద ఆనాయని వంగి చూసుకుంది. అప్పుడు లేచి ఆయన వీపు మీద రెండు చేతులతో బాదింది.

"సముద్రంలోకి ఎల్తావా? ఈ గాల్లో సముద్రంలోకి ఎల్తావా? పొద్దుట్నుంచి సముద్రంలో ఉన్నావురా మావా, సముద్రంలో! నాను ఇక్కడ... సముద్రంలో..."

గదుల్లోంచి ఆడవాళ్ళందరూ బయటికి వచ్చారు. ఒక్కరూ ఆమె నోరు మూయలేదు. సత్యశ్రీ కూడా ఆపలేదు. పోతమ్మ ఆ మాటే అంటూ, అంటూ, ఏడుస్తూ ఆయన కంబళి పట్టుకుని కిందికి జారిపోయింది.

పోలిరాజు ఆమె పక్కనే గచ్చు మీద చతికిలబడ్డాడు.

"ఔనే," అన్నాడు. "ఎల్లినాను."